మగ్గం గుంతకు కాపలా

మా గల్లీలో యమునాబాయి ఎవరినీ నమ్మదు. ఇది నేను వేస్తున్న నింద కాదు, ఆమె ఒప్పుకునే మాటే. కూరగాయల బండివాడు తూకం వేస్తుంటే మనం ముల్లు చూస్తాం, ఆమె వాడి బొటనవేలు చూస్తుంది. నల్లా రాకపోతే పైపు పగిలిందని మనం సరిపెట్టుకుంటాం, పై గల్లీవాళ్ళు మోటారు బిగించారని ఆమె అంటుంది. తీరా వెళ్ళి చూస్తే మోటారు ఉంటుంది. అదే వచ్చిన చిక్కు. ఆమె అనుమానం నాలుగుసార్లు బెడిసికొట్టి ఉంటే మనిషి కాస్త మెత్తబడేదేమో. దేవుడు ఆమెకు ఆ మేలు చేయలేదు.

నన్నడిగితే తప్పు ఆమెది కాదు, బీడీలది. పెళ్ళయి షోలాపూర్ వచ్చిన నాటి నుంచి ఆమె బీడీలు చుడుతూనే ఉంది. కార్ఖానాలో తూచి ఇచ్చే ఆకులో సగం చిల్లులుంటాయి, అయినా బీడీలు మాత్రం నిండుగా కావాలంటారు. చుట్టి తీసుకెళ్తే అక్కడ కూర్చున్నవాడు కట్ట విప్పి, బాగున్నవాటిని కూడా బాగాలేవని పక్కకు తోసి, సాయంత్రం అవే జేబులో వేసుకుపోతాడు. అలాంటి చోట కళ్ళు మూసుకుని నమ్మినవాళ్ళు బతికి బట్టకట్టలేదు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి అని మా ఆవిడ ఆమె గురించి అంటుంది, అదీ కాస్త గొంతు తగ్గించే అంటుంది.

ఇంతకీ నేనెవరినో చెప్పలేదు. నా పేరు సిద్ధరాములు. ఆమె ఇంటి వెనక గోడకు ఆనుకుని నా రంగుల షెడ్డు ఉంది. కుంఠా నాకా చుట్టుపక్కల తువ్వాళ్ళు నేసే పవర్‌లూములకు నూలు రంగు వేసి ఇస్తాను. ఆమె భర్త బాలయ్య, నేను చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినవాళ్ళం. ఈ కథలో నేను సాక్షిని, కొన్నాళ్ళు ముద్దాయిని కూడా.

బాలయ్య చేతిమగ్గం మీద చీరలు నేసేవాడు. ముందుగదిలో నేలను తవ్వి గుంత తీసి, ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, కింద తొక్కుడు కర్రలు తొక్కుతూ పైన నేత నేసేవాడు. ఆయన పోయాక మగ్గం కర్రలు అటకెక్కాయి. గుంత మాత్రం మిగిలింది. దాని మీద చెక్కలు పరిచి, చెక్కల మీద చాప వేసి, ఏళ్ళ తరబడి ఇంట్లోవాళ్ళు దాని మీదే నడిచారు. పూడ్చేద్దామని కొడుకు తుషార్ అన్నప్పుడల్లా యమునాబాయి గయ్యిమనేది.

"గది మీ నాయిన కూసున్న జాగరా. మట్టి పోస్తవా దాంట్ల?"

తుషార్ పవర్‌లూము మీద పని చేస్తాడు. అమ్మ మాటకు అడ్డు చెప్పడు, పెళ్ళాం మాటకూ అడ్డు చెప్పడు. రెండు మాటలూ ఎదురెదురుగా వచ్చినప్పుడు డ్యూటీకి పోతాడు.

అతని పెళ్ళాం పూనం షోలాపూర్‌లోనే జోడ్‌భావి పేట్ పిల్ల. మా వాళ్ళలో పెళ్ళిచూపులకు వెళ్తే పిల్లకు వంట వచ్చా అని అడగరు, బీడీలు వచ్చా అని అడుగుతారు. తంబాకు, ఆకు పెట్టిన చాట ఒడిలో పెట్టి, చుట్టించి చూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. యమునాబాయి ఆ రకమే. పిల్ల చకచకా చుట్టింది, మూతులు ముద్దుగా మడిచింది. ఆ వేళ్ళు చూసి యమునాబాయి అక్కడికక్కడే తాంబూలం పుచ్చుకుంది. పెళ్ళయి నెల తిరక్కుండానే పూనం ఆ చాటను పక్కకు జరిపింది.

"అత్తమ్మా, నేను బీడీలు చెయ్య."

"చేసి చూపెట్టినవ్ కదనే!"

"చెయ్యుమన్నరు, చేసిన. నాకొస్తది. కాని చెయ్య. మా అమ్మ చాట ముందరనే దగ్గి దగ్గి పానం ఇడిసింది. రేపు నాకు పిల్లలైతే గా దుమ్ముల పెంచ."

యమునాబాయికి ఇది పచ్చి మోసంగా కనిపించింది. ఎవరో నేర్పి పంపించారని కూడా అనుమానం కలిగింది. ఆ మాటే ఎదురింటి ఎల్లమ్మకు చెప్పుకుంది. వాళ్ళిద్దరూ ఒకే ఏడు ఈ గల్లీకి కాపురానికి వచ్చినవాళ్ళు. రోజూ పొద్దెక్కగానే యమునాబాయి గడప ముందు మెట్ల మీద చేరి, పక్కపక్కన చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. బీడీ ఆకు ఎండితే విరుగుతుంది. అందుకని మధ్యలో ఒక ఇత్తడి గిన్నెలో నీళ్ళు పెట్టుకుని, వేళ్ళు ముంచి ఆకు మీద చల్లుకుంటూ ఉండేవాళ్ళు. సాయంత్రానికి ఆ నీళ్ళు డికాక్షన్‌లా తయారయ్యేవి. లేచి వెళ్ళేటప్పుడు ఎల్లమ్మ ఆ నీళ్ళు పట్టుకెళ్ళి తన కరివేపాకు కుండీలో పోసి, గిన్నె తిరిగి ఇచ్చేది. రోజూ జరిగేదే కాబట్టి ఎవరూ పట్టించుకునేవాళ్ళం కాదు.

పూనం ఊరికే కూర్చోలేదు. పండరీపురం దగ్గర ఒక రైతు చెరువులో ముత్యాలు పెంచుతున్నాడని ఫోనులో చూసి, వెళ్ళి ఆయన దగ్గర పని నేర్చుకుని వచ్చింది. వచ్చి అత్తను అడిగింది.

"మామయ్య గుంత నాకియ్యి అత్తమ్మా. పూడ్వ. పానీ నింపి ముత్యాలు పెంచుత."

"ముత్యాలు చెట్లకు కాస్తయా, కోళ్ళు పెడ్తయా?" అని యమునాబాయి ఎల్లమ్మ వైపు చూసి నవ్వింది. ఎల్లమ్మ కూడా నవ్వింది. నేను అప్పుడు అక్కడే నిలబడి చాయ్ తాగుతున్నాను, నేనూ నవ్వాను.

పూనం మాత్రం మెట్ల మీద చతికిలబడి చెప్పడం మొదలుపెట్టింది. చార్మినార్ దగ్గర అమ్మే ముత్యాలేవీ ఆ ఊళ్ళో పుట్టినవి కావట. వెనకటి రోజుల్లో సముద్రంలోంచి వచ్చేవట. దక్షిణాన మన్నారు సముద్రంలో మనుషులు కాలికి రాయి కట్టుకుని, ముక్కు మూసుకుని, ఒక్క ఊపిరి మీద అడుక్కి దిగి, బుట్టలోకి చిప్పలు ఏరుకుని పైకి వచ్చేవాళ్ళట. ఆ చిప్పలను ఒడ్డున పోసి కుళ్ళబెట్టి కడిగితే వందలో ఒకదానికి ముత్యం దొరికేదో లేదో. సొరచేపలు రాకుండా ఒడ్డున మంత్రగాళ్ళను కూర్చోబెట్టేవాళ్ళట. ఇప్పుడు చిప్పను మనమే పెంచి, దాని కడుపులో మనమే బిళ్ళ పెడితే, ఆ బిళ్ళ మీద చిప్ప పొరలు పొరలుగా పాలిష్ పోసుకుంటుందట.

"నడుముకు తాడు కట్టుకోని దిగుతుండిరట అత్తమ్మా. ఊపిరి ఆడకుంటే తాడు గుంజితే, పైన పడవలున్నోడు ఎంబడే లాగాలె. గా తాడు పట్టుకునేటోడు బామ్మర్దే ఉండాల్నట. ఇంకొకని చేతికియ్యకపోదురట."

యమునాబాయి చేతిలో బీడీ ఆగింది. "బామ్మర్దే ఎందుకే?"

"అక్క పుస్తె తెగొద్దని చూస్తడు కదా. అన్నదమ్ములైతే ఆస్తి కోసరం ఇడిసిపెడ్తరేమోనని భయం."

"గిది అకల్ ఉన్న మాట," అంది యమునాబాయి తల పంకిస్తూ. ముత్యాల మీద ఆమెకు గురి కుదరలేదు గానీ, సొంత అన్నదమ్ములను కూడా నమ్మని ఆ జాలర్ల మీద మాత్రం గౌరవం కలిగింది. అక్కడే బేరం తెగింది. వచ్చే ఏటి దీపావళి దాకా గుంత పూనంది. ఆలోగా ముత్యం కళ్ళకు కనిపిస్తే సరి. కనిపించకపోతే పూనం చాట ముందు కూర్చోవాలి, మళ్ళీ నోరెత్తకూడదు. పూనం సరేనని అత్త చేతిలో చేయి వేసింది.

తుషార్ గుంతను ఇంకాస్త లోతుగా, వెడల్పుగా తవ్వి సిమెంటు చేశాడు. సిమెంటు ఘాటు పోయేదాకా నీళ్ళు నింపడం, తోడిపోయడం. కార్తీకం చివర్లో ఉజనీ డ్యాం జాలరి ఒకడు తడి గోనెసంచుల్లో చిప్పలు తెచ్చి ఇచ్చాడు. నల్లగా, అరచేతి పొడవున ఉన్నాయి. చూడగానే ముత్యాలు పుట్టే మొహాల్లా లేవు.

బిళ్ళలు పెట్టే రోజు నేను వెళ్ళి చూశాను. పూనం చిప్పను ఒక చెక్కకు ఒరిగించి, దాని నోటిని సన్నని సలాకతో గోరు పట్టేంత మేర తెరిచింది. లోపల చిప్పకు అంటుకుని ఉన్న మెత్తటి పొరను మెల్లగా లేపి, చిప్పల పొడితో చేసిన చిన్న గణపతి బిళ్ళను దాని కిందికి జార్చి, పొరను మళ్ళీ సర్దింది. ఎక్కువ తెరిస్తే చిప్ప చస్తుంది, తక్కువ తెరిస్తే బిళ్ళ దూరదు. యమునాబాయి దూరంగా నిలబడి ఆ వేళ్ళనే చూస్తూ, "గసుంటి చేతులు. బీడీలకు ఎంత పనికొస్తుండె!" అని నాతో గొణిగింది.

చివర్లో పూనం కొంగు ముడి విప్పి, తనే అరగదీసి చేసుకున్న ఒక బిళ్ళ తీసింది. అది గణపతి కాదు, నాడె. మగ్గంలో పోగును మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడె, చింతగింజ అంత. "గిది మామయ్యది," అని ఒక చిప్పలో పెట్టి, ఆ చిప్ప ఉన్న వల సంచికి గుర్తుగా ఎర్ర పోగు కట్టింది. యమునాబాయి లోపలికి వెళ్ళిపోయి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ రోజుతో ఆమెకు చిప్పల మీద అనుమానం పోయింది. చిప్పల కోసం మిగతా లోకం మీద అనుమానం మొదలైంది.

కొన్నాళ్ళు అంతా బాగానే నడిచింది. వల సంచులు వెదురు కర్రకు వేలాడుతూ నీళ్ళలో మునిగి ఉండేవి. చేపల తొట్టెలో పెట్టే చిన్న మోటారు బుడబుడమని గాలి ఊదేది. పూనం డాబా మీద డ్రమ్ములో పాకుడు పట్టించి, ఆ పచ్చనీళ్ళు వాటికి తిండిగా పోసేది. ఎప్పటిలాగే అత్త, ఎల్లమ్మ బయట మెట్ల మీద బీడీలు చుట్టుకునేవాళ్ళు. ఉగాది దాటాక ఒక పొద్దున ఒక చిప్ప నోరు తెరిచి చచ్చిపోయి కనిపించింది.

"ఒకటి రెండు పోతయ్ అత్తమ్మా, గది మామూలే," అంది పూనం.

"మామూలుగ ఏది సావది," అంది యమునాబాయి.

ఆ రోజే ఆమె చాట ఎత్తుకుని లోపలికి మారింది. గుంత అంచున, చేయి చాస్తే నీళ్ళు అందేంత దగ్గరగా పీట వేసుకుని కూర్చుంది. వీధి కిటికీలోంచి ఎవరైనా ఏమైనా విసురుతారని కిటికీ మూసేసింది. వెనక కిటికీ నా షెడ్డు వైపు కాబట్టి దానికి మేకులే కొట్టించింది. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా అక్కడే. చేతులు బీడీలు చుడుతుంటే కళ్ళు గుమ్మం మీద. మధ్యమధ్య ఎర్ర పోగు సంచిని పైకి లాగి, చిప్పను వేళ్ళతో తడిమి, గట్టిగా మూసుకుని ఉందని తెలిశాక మళ్ళీ వదిలేది. ఇత్తడి గిన్నె అల్మారాలో బోర్లించి ఉంది.

ఇంత కాపలా పెట్టినా చిప్పలు చస్తూనే ఉన్నాయి.

మొదటి ముద్దాయిని నేను. ఒక మధ్యాహ్నం సీసాలో నీళ్ళు పట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"సిద్ధరాములూ, నీ రంగు పానీ గోడలకెళ్ళి మా గుంతలకు దిగుతున్నది. ఖరే చెప్పు, అబద్దమాడకు."

"నీకేమన్న పిచ్చి పట్టిందా వదినా?" అని గట్టిగానే అరిచాను. అరిచాను గానీ, ఆమె వెళ్ళగానే గోడ మొత్తం తడిమి చూసుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే. ఎందుకంటే అంతకు ముందే నా డ్రమ్ము ఒకటి పగిలి ఎర్రనీళ్ళు ఆ వైపు పారాయి. గోడ పొడిగా ఉంది. మా నేతవాళ్ళ కులదైవం మార్కండేయుడి మీద ఒట్టు వేసి చెప్పాను.

"మార్కండేయుడు నీ రంగు పానీ తాగి చూసిండా? ఆయనకేం తెలుస్తది?" అంది.

తుషార్ చేత మా గోడ వెంట కాలువ తీయించి, దానికి సిమెంటు చేయించింది. చిప్పలు చావడం ఆగలేదు. అంతమాత్రాన నేను నిర్దోషినని ఆమె అనుకోలేదు. నాతో పాటు ఇంకెవరో ఉన్నారనుకుంది.

పూనంకు పని నేర్పిన పండరీపురం రైతు ఒకసారి వచ్చి చూశాడు. పాపం, గడపలో అడుగు పెట్టగానే తుమ్ములు అందుకున్నాయి. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, గుంతలో కాగితం ముంచి రంగు చూసి, నీళ్ళు తరచుగా మార్చమని చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. జలుబు చేసిందేమో అనుకున్నాం. "నీళ్ళల తుమ్మిపోయిండు. ఆనికి మన ముత్యాలు కండ్లల్ల పడ్డయ్," అని యమునాబాయి ఆయన్ను కూడా జాబితాలో కలిపింది.

తర్వాత వంతు ఎల్లమ్మది. తోడు లేక మెట్ల మీద ఒక్కతే విసిగిపోయిన ఎల్లమ్మ, అప్పుడప్పుడు మంచినీళ్ళ వంకతో లోపలికి వచ్చేది. "మస్తుగున్నయే నీ శిప్పలు," అనేది. ఎప్పుడు తీస్తారు, ఎంతెంత ఉంటాయి అని అడిగేది. ఒకరోజు ఉండబట్టలేక నీళ్ళలో వేలు పెట్టి సంచిని తాకింది. మర్నాడు రెండు చిప్పలు నోళ్ళు తెరిచాయి. యమునాబాయి ఆ రెండింటినీ చాటలో వేసుకుని గల్లీ మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఏం పోసినవే నా గుంతల? కండ్లు మండినయా నీకు?"

ఎల్లమ్మ మొదట నవ్వులాట అనుకుంది. ఎదుటి మొహం చూశాక ఆమె మొహం పాలిపోయింది.

"యమునా, ఒక్క దీపం కింద బీడీలు చేసినం మనం. విషం పోసేదాన్నైతే ఎన్నడో నీ చాయ్‌ల పోద్దును. నీ కొడుక్కు నా పాలు తాపిన, అప్పుడు పోద్దును." అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒకరి ఇంట్లో పొయ్యి వెలగకపోతే ఇంకొకరి ఇంట్లో మెతుకు దిగని మనుషులు వాళ్ళు. ఎల్లమ్మ ఆ తర్వాత తన గడపలోనే, మొహం గోడవైపు పెట్టుకుని బీడీలు చుట్టుకునేది.

జ్యేష్ఠంలో సిరిసిల్లలో యమునాబాయి ఆడబిడ్డ ఇంట పెళ్ళి. రానంటే రానని ఆమె మొండికేస్తే తుషార్ బతిమాలి బస్సెక్కించాడు. వెళ్తూ వెళ్తూ ఎవరెవరిని గడప తొక్కనీయకూడదో పూనంకు పేరుపేరునా చెప్పింది. అందులో నా పేరు ముందుంది. ఆమె అక్కడున్న వారం ఒక్క చిప్ప కూడా చావలేదు. పూనం వీధి కిటికీ తెరిచింది, గదిలోకి వెలుతురు వచ్చింది, చిప్పలు నీళ్ళలో ఓరగా నోళ్ళు విప్పి హాయిగా తిండి తింటున్నాయి. ఆమె తిరిగి వచ్చింది. కిటికీ మూసుకుంది. పీట గుంత అంచుకు చేరింది. మళ్ళీ చావులు మొదలయ్యాయి.

పూనం నా షెడ్డుకు వచ్చి రంగు నూలు చాటున నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కాకా, అత్తమ్మ లేనన్ని రోజులు ఒక్కటి సావలే. వచ్చినంక మళ్ళ షురువైంది. ఆమెనే ఏదో కలుపుతున్నది. దీపావళి దాకా ఒక్కటి సుత మిగలొద్దు, నేను చాట పట్టాలె. గంతే."

నాకూ అదే నిజమనిపించింది. ఇంతకాలం అందరినీ అనుమానించిన మనిషి కడుపులోనే పుట్టెడు విషం ఉందనుకున్నాను. అనుమానం పెనుభూతం అంటారు. అది ఒకరిని వదిలితే ఇంకొకరిని పట్టుకుంటుంది. అప్పటికి పూనంను పట్టుకుంది, నన్నూ పట్టుకుంది.

శ్రావణం వచ్చింది. నూలు పున్నమి నాటి మార్కండేయుడి రథం కోసం గల్లీలో తోరణాలు కడుతున్నారు. ఆ పొద్దున ఎర్ర పోగు సంచిలోని చిప్ప నోరు తెరిచింది.

పూనం ఏడవలేదు. ఆ చిప్పను పళ్ళెంలో పెట్టింది. అత్త చాట ఎత్తుకుంది, అల్మారాలో బోర్లించిన ఇత్తడి గిన్నె తీసి నీళ్ళు పోసుకుంది. అందరూ చూసేలా బయట మెట్ల మీద కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. తోరణాలు కట్టేవాళ్ళు ఆగి చూశారు. యమునాబాయి గడపలోకి వచ్చి నిలబడింది.

"ఏందే గిది?"

"నువ్వు గెలిచినవ్ అత్తమ్మా." పూనం తల ఎత్తలేదు. "నేను బీడీలు చేస్త. ఉన్నయన్న బతకనియ్యి. మామయ్యదాన్ని సుత ఇడువకపోతివి."

"నేను... నేను సంపుతున్ననా?"

"ఇంకెవరు? ఎవ్వర్ని లోపటికి రానియ్యకపోతివి. తాడు నీ చేతులనే ఉండె."

జీవితంలో మొదటిసారి యమునాబాయి అనుమానానికి అవతలి గట్టున నిలబడింది. ఒట్టు వేద్దామని చేయెత్తింది గానీ, ఒట్లను తాను ఏనాడూ నమ్మింది లేదని గుర్తొచ్చిందేమో, చేయి దించేసింది. తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. నాకు ఆమె మీద ఉన్న కోపమంతా ఆ నిమిషంలో పోయింది. పూనం మాత్రం చుడుతూనే ఉంది. కట్టలు పెరిగాయి. గిన్నెలో నీళ్ళు నల్లబడ్డాయి.

ఎదురింట్లోంచి ఇదంతా చూస్తున్న ఎల్లమ్మ, ఎండ మెట్లు దిగే వేళకు ఇక ఉండలేక వచ్చింది. యమునాబాయి వైపు చూడకుండా పూనం పక్కన నిలబడి, ఆమె తల మీద చేయి వేసి, అలవాటుగా గిన్నె అందుకుంది.

"గీ పానీ నాకియ్యి బిడ్డా. మీ అత్త లోపల కూసున్న కాడికెళ్ళి నాకు గిన్నె లేకపాయె. కర్యాపాకు చెట్టంత పేను పట్టి నాశనమైంది. గీ తంబాకు పానీ పోస్తెనే దానికి. పురుగన్నది బతకది."

గిన్నె ఎత్తుకుని రెండడుగులు వేసింది.

"ఎల్లీ, ఆగు."

యమునాబాయి మెట్లు దిగి వచ్చి గిన్నెలోకి వంగి చూసింది. తర్వాత తన వేళ్ళు చూసుకుంది. ఏళ్ళ తంబాకు పట్టి కొసలు నల్లబడిన వేళ్ళు.

"పురుగు బతకదా?"

"ఎన్ని ఏండ్ల సంది పోస్తలేను? నీకు తెల్వదా? నల్లులకు మంచంల నువ్వే తంబాకు సల్లుతవ్."

"తెలుసు," అంది యమునాబాయి. "నాకు తెలుసు. గుంత పక్కన కూసున్నకాడికెళ్ళి నేను గిన్నె పెట్టుకోలే. ఆకు తడుపుకోను పొద్దుమాపు గుంతలనే చెయ్యి పెట్టిన. గా దుమ్ము సుత దాంట్లనే పడ్డది. పూనం, నేనే బిడ్డా. నేనే సంపిన."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. అయితే వెతికింది ఆమె ఒక్కతే కాదు, మేమందరం. తంబాకు నీళ్ళకు పురుగు చస్తుందని మా గల్లీలో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలిసి ఏం లాభం? పుట్టినప్పటి నుంచి పీలుస్తున్న గాలి అది, మా ముక్కులకు వాసనే లేదు. బయటి నుంచి వచ్చిన ఆ రైతు తుమ్మితే ఆయనకు జలుబు అన్నాం. తలుపులు, కిటికీలు మూసి, శత్రువు రాకుండా ఆమె కూర్చుంది. శత్రువు ఆమె ఒళ్ళోనే ఉంది.

పూనం లేచి లోపలికి వెళ్ళి, పళ్ళెంలో ఉన్న ఎర్ర పోగు చిప్ప తెచ్చింది. అక్కడే సలాకతో పూర్తిగా విప్పింది. చిప్ప లోపలి గోడకు నాడె అతుక్కుని ఉంది. ఒక వైపు ఇంకా సుద్దలా తెల్లగా ఉంది. రెండో వైపు పల్చటి పొర. యమునాబాయి దాన్ని అందుకుని ఎండకు పెట్టింది, అటు తిప్పింది, ఇటు తిప్పింది. కార్ఖానావాడు బీడీ కట్టను చూసినట్టే చూసింది. తప్పు పట్టాలనుకుంటే పట్టవచ్చు. పొర పూర్తి కాలేదు, ఎవరూ కొనరు, పైగా దీపావళి ఇంకా దూరం.

"మెరుస్తున్నది," అంది. కళ్ళ నీళ్ళు చెంపల మీదికి జారుతున్నా తుడుచుకోలేదు, ఆ చేతులతో తుడుచుకుంటే మండుతాయని. "ముత్యం కండ్లకు కనవడ్డది. ఇగ నీకు చాట లేదు పూనం. నేను బతికున్నంత కాలం లేదు."

పూనం ఒళ్ళోని చాటను ఆమే తీసేసింది. పూనం అప్పుడు ఏడ్చింది, ఎల్లమ్మ నడుము పట్టుకుని ఏడ్చింది. ఎల్లమ్మ ఒక చేత్తో ఆ పిల్లను పట్టుకుని, ఇంకో చేత్తో గిన్నె ఒలకకుండా పట్టుకుంది.

"నన్ను విషం పోసినదాన్నంటివి గదనే," అంది యమునాబాయితో.

"అన్న," అంది యమునాబాయి.

"మరి ఇప్పుడేమంటవ్?"

"నీ గడపల జర్ర జాగ ఇయ్యి. ఇగ మా ఇంట్ల కూసోను."

తుషార్ డ్యూటీ నుంచి వచ్చాక గుంత తోడి, గోడలు రుద్ది, కొత్త నీళ్ళు నింపాడు. వెనక కిటికీ మేకులు నేనే పీకాను. మిగిలిన చిప్పలు తక్కువే. వాటిలో ఎన్ని గట్టెక్కుతాయో పూనం కూడా చెప్పలేనంటోంది. ఉజనీ జాలరికి మళ్ళీ కబురు పెట్టింది.

యమునాబాయి ఇప్పుడు పొద్దున్నే చాట, గిన్నె ఎత్తుకుని ఎదురింటికి వెళ్తుంది. ఎల్లమ్మ మెట్ల మీద, తన ఇంటికి వీపు పెట్టి కూర్చుంటుంది. మొహం ఇటు తిప్పితే చూపు గుంత మీదికి పోతుందట, చూపు పోతే కాళ్ళు పోతాయట. ఆమె తన గడపకు వీపు పెట్టి కూర్చోవడం ఈ గల్లీలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. సాయంత్రం గిన్నె నీళ్ళు కరివేపాకుకు పోతున్నాయి.

నిన్న షెడ్డుకు వెళ్తుంటే పిలిచింది.

"సిద్ధరాములూ, మా ఇంట్లకు పోయి చూసి చెప్పవా? బుడగలు వస్తున్నయా?"

నేను వెళ్ళాను. పూనం పచ్చనీళ్ళు పోస్తోంది, వీధి కిటికీలోంచి ఎండ గుంతలో పడుతోంది. బయటికి వచ్చి, "వస్తున్నయ్ వదినా," అన్నాను.

ఆమె చేయి ఆగింది. తల సగం తిరిగింది. ఖరేనా అని అడగడానికి నోరు తెరిచిందని నాకు తెలుసు. ఎల్లమ్మ కూడా చుట్టడం ఆపి ఆమె వైపే చూస్తోంది. యమునాబాయి నోరు మూసుకుంది. తల మళ్ళీ ఎల్లమ్మ వైపు తిప్పుకుని, గిన్నెలో వేళ్ళు ముంచి, ఇంకో ఆకు అందుకుంది.